గాలి పోయినా నడిచే టైరు

కిందటి వారం చదివినవాళ్ళు ఈ ముక్క దాటేసి కిందికి పోవచ్చు. చదవనివాళ్ళకు సంగతి ఇది. ఎల్మా రావ్‌టియో కాల్యుమెట్ హైస్కూలుకు ఒకప్పటి ప్రిన్సిపాలు. ఊళ్ళో సగంమందికి లెక్కలు, మిగతా సగానికి భయం నేర్పిన మనిషి. ఆగస్టులో ఆమె తన చిన్న ఎర్ర కారును మోహాక్ దగ్గర రోడ్డు పక్క కాలవలోకి దింపేసింది. పక్క సీట్లో ఉన్న ప్రాణ స్నేహితురాలు హెల్మీకి మణికట్టు విరిగింది. ఆ మణికట్టుతోనే హెల్మీ చర్చిలో ఆర్గన్ వాయించేది. ఆ రోజు నుంచి కారు తాళాలు కూతురు లోర్నా దగ్గరికి పోయాయి. అల్లుడు కర్టిస్ పెల్కీ ఇక కారు అమ్మేద్దామన్నాడు. టైరు చిరిగిన కారును ఎవరూ కొనరు కాబట్టి, ముందు టైర్లు వేయించుదాం పదండని, కారును తాళాలతో సహా పొద్దున్నే పంపించేసి, అత్తగారిని తన ట్రక్కులో ఎక్కించుకుని డెన్నిస్ ట్రెగియర్ టైర్ల కొట్టుకు తీసుకొచ్చాడు. తలుపు తెరవగానే ఆగాం మనం.

డెన్నిస్ కూడా ఎల్మా దగ్గరే లెక్కలు చదువుకున్నాడు. అంటే పక్కవాడి కాగితంలోకి తొంగి చూసి రాసుకున్నాడు. నడివయసు వచ్చి, పొట్ట వచ్చి, సొంత కొట్టు వచ్చినా ఆమె లోపలికి అడుగు పెట్టగానే నెత్తిమీద టోపీ తీసేశాడు.

"రండి టీచర్. కాఫీ తాగుతారా?"

"ఎప్పుడు కాచింది?"

డెన్నిస్ ఆలోచనలో పడ్డాడు.

"వద్దులే" అంది ఎల్మా, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటూ.

ఆ కిటికీలోంచి షెడ్డు కనిపిస్తుంది. ఆమె ఎర్ర కారు చక్రాలు ఊడదీసి గాల్లోకి ఎత్తి ఉంది. దాన్ని అలా చూడటం ఆమెకు నచ్చలేదు. ఆపరేషన్ బల్ల మీద తెలిసినవాళ్ళను చూసినట్టుంది. కారు పక్కన గోడవారగా తీసేసిన టైర్లు పడి ఉన్నాయి. ఒకటి పక్కంతా చిరిగి, లోపలి దారాలు బయటికి వేలాడుతున్నాయి. కాలవకు కారణం అదే. మిగతా మూడూ బాగానే ఉన్నట్టు కనిపిస్తున్నాయి.

"అత్తయ్యా! చలిగా ఉందా? కోటు తెమ్మంటారా?" అని కర్టిస్ ఆమె చెవి దగ్గర అరిచాడు.

"నాకు చెముడు లేదు కర్టిస్. నీకు బుద్ధి లేకపోవడానికీ నా చెవులకూ సంబంధం లేదు."

కర్టిస్ ఇన్సూరెన్సు ఏజెంటు. కాలవ సంగతి జరిగినప్పటి నుంచి అత్తగారితో గట్టిగా, మెల్లగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడటం మొదలుపెట్టాడు. తల కూడా ఒక పక్కకు వంచుతాడు. జ్యామెట్రీలో ఇతన్ని రెండోసారి కూర్చోబెట్టినప్పుడే ఇంకోసారి కూడా కూర్చోబెట్టి ఉండాల్సిందని ఎల్మా చాలాసార్లు అనుకుంది. అప్పుడు ఏ ఊరికో పారిపోయేవాడు, తన కూతురు బతికిపోయేది.

"డెన్నిస్, ఎక్కువ ఆలోచించకు" అన్నాడు కర్టిస్. "చవకలో ఏవుంటే అవి వేసెయ్. కొనేవాడు ఎలాగూ తనకు కావలసినవి వేయించుకుంటాడు."

"అమ్మే మాట నేనన్నానా?" అంది ఎల్మా.

"అత్తయ్యా, మనం మాట్లాడుకున్నాం కదా."

"నువ్వు మాట్లాడావు. నేను విన్నాను. రెండూ ఒకటి కాదు."

కర్టిస్ కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఇన్సూరెన్సు అమ్మేటప్పుడు ఇలాగే కూర్చుంటాడు కాబోలు. "మళ్ళీ ఒకసారి చెప్పనా? మీ కారుకున్నవి రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి మొత్తం పోయినా యాభై మైళ్ళు మోసుకుపోతాయి. కారుతో వచ్చిన పుస్తకంలో ఉంది, మీరే నాకు చదివి వినిపించారు. టైర్లో గాలి తగ్గిందని చెప్పే దీపం ఫీనిక్స్ చర్చి ముందు వెలిగిందంటారు. ఫీనిక్స్ నుంచి మోహాక్ ఎంత? సిగరెట్ కాలేలోపు పోవచ్చు. అంత కొంచెం దూరానికి రన్‌ఫ్లాట్ అలా చిరుగుతుందా? చిరగదు. అంటే ఏమిటి? దీపం ఎప్పుడో వెలిగింది. బండి ఎప్పటి నుంచో కొట్టుకుంటోంది. మీకు తెలియలేదు. వయసు అత్తయ్యా. ఎవరికైనా వస్తుంది."

ఎల్మా కిటికీ వైపు తిరిగింది. ఆమెను ఇన్ని రోజులుగా నిద్రపోనివ్వకుండా తింటున్నది ఈ వాదనే. చెప్పింది కర్టిస్ గాడైనా లెక్క లెక్కే. ఎన్నిసార్లు తిప్పి చూసినా అందులో తప్పు దొరకలేదు. ఆమెకు మాత్రం అంతా స్పష్టంగా గుర్తుంది. కాపర్ హార్బర్ పైన అడవిలో కాసే థింబుల్‌బెర్రీ పళ్ళు కోసుకుని, బకెట్లు వెనక సీట్లో పెట్టుకుని వస్తున్నారు. ఫీనిక్స్ చర్చి తెల్లగా కనిపించింది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం కనిపించింది. పుస్తకంలో చెప్పినట్టే వేగం తగ్గించింది. స్టీరింగు వణికింది, రబ్బరు వాసన వచ్చింది. "ఆపుదాం ఎల్మా" అని హెల్మీ అంది. "ఏం ఫరవాలేదు, ఇవి గాలి లేకపోయినా నడుస్తాయి" అని తను అంది. ఆ మాట అన్నందుకే ఆసుపత్రిలో హెల్మీ మంచం పక్కన తల దించుకుని నిలబడింది. ఎల్మా రావ్‌టియో ఎవరి ముందూ తల దించిన మనిషి కాదు.

"నువ్వు చెప్పు డెన్నిస్" అంది కిటికీ వైపు చూస్తూనే. "నాకేం దారులున్నాయి?"

డెన్నిస్ గొంతు సవరించుకున్నాడు. "మూడున్నాయి టీచర్. మీ కారు ఫ్యాక్టరీ నుంచే రన్‌ఫ్లాట్లతో వచ్చింది. అందుకే డిక్కీలో స్టెప్నీ లేదు, జాకీ లేదు, కనీసం వీల్ స్పానరు కూడా లేదు. మళ్ళీ అవే వేసుకోవచ్చు. గాలి పోయినా మెల్లగా ఇల్లు చేరతారు. కాకపోతే గట్టి సరుకు, గుంతలో పడితే నడుం కలుక్కుమంటుంది. గాలి లేకుండా నడిపారంటే ఇక పారేయాల్సిందే, నేను అతకను. రెండోది, మామూలు టైర్లు. మెత్తగా పోతుంది. గాలి పోతే మాత్రం అక్కడే ఆగాలి. జిగురు సీసా, చిన్న పంపు డిక్కీలో పెట్టుకోవాలి. మేకు దిగితే జిగురు పట్టుకుంటుంది, పక్క చిరిగితే పట్టుకోదు. మూడోది, మామూలువే వేసుకుని సన్న స్టెప్నీ, జాకీ కొనుక్కుని డిక్కీలో పడేసుకోవడం. అప్పుడిక డిక్కీలో ఉల్లిపాయల సంచి కూడా పట్టదు."

"నువ్వు తప్పు లేకుండా ఇంతసేపు మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు" అంది ఎల్మా. "ఆ పైన రోడ్డులో ఫోను పలకదు. జిగురు పట్టుకోకపోతే ఎవరిని పిలవను, ఎలుగుబంట్లనా?"

"మీరింకా ఆ రోడ్డున పోరు కదా అత్తయ్యా" అన్నాడు కర్టిస్ ప్రేమగా.

ఆ ప్రేమను ఎల్మా చేత్తో తోసేసింది. "రన్‌ఫ్లాట్ అంత గట్టిదా? గాలి లేకుండా ఎలా నిలబడుతుంది?"

ఈ ప్రశ్నకు డెన్నిస్ మొహం వెలిగింది. ఏ కొట్టువాడికైనా సరుకు చూపించమంటే అంతే. "ఉండండి, చూపిస్తా" అని షెడ్డులోకి దారి తీశాడు. కర్టిస్ లేచి "ఇప్పుడెందుకులే డెన్నిస్, ఆమెకు అలసట" అన్నాడు గానీ ఎల్మా అప్పటికే నిలబడింది. మోకాళ్ళు కిర్రుమన్నా సరే, షెడ్డులోకి నడిచింది.

డెన్నిస్ ఎవరో తెప్పించుకున్న కొత్త రన్‌ఫ్లాట్‌ను దొర్లించుకొచ్చి ఆమె ముందు నిలబెట్టాడు. "పైనుంచి నొక్కండి టీచర్. గట్టిగా."

ఎల్మా రెండు అరచేతులూ పెట్టి ఒళ్ళంతా బరువేసి నొక్కింది. టైరు కదల్లేదు. రిమ్ము లేదు, గాలి లేదు, ఒట్టి రబ్బరు. అయినా చెక్కపెట్టెలా నిలబడింది.

"పక్కల్లో అంత మందం పోస్తారు. గాలి పోయినా ఆ పక్కలే బండిని మోస్తాయి" అన్నాడు డెన్నిస్. అని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు.

ఎల్మా అతని మొహం చూసింది. తర్వాత గోడవార ఉన్న తన టైర్ల దగ్గరికి నడిచింది. బాగున్న మూడింటిలో ఒకదాన్ని పైకి లేపి నిలబెట్టి అదే విధంగా నొక్కింది. టైరు ఆమె చేతుల కింద పాత తోలుసంచిలా కుంగింది.

ఆమె చేతులు తీసింది. మళ్ళీ పెట్టి నొక్కింది. మళ్ళీ కుంగింది. లెక్కల మనిషి కదా, ఒక్కసారి వచ్చిన జవాబును నమ్మదు. రెండో టైరు లేపింది, నొక్కింది. మూడోది లేపింది, నొక్కింది. చిరిగినదాని పక్కను వేళ్ళ మధ్య పట్టుకుని వంచింది. బూటు తోలంత మందం కూడా లేదు.

వెనక్కి తిరిగి చూసేసరికి కర్టిస్ షెడ్డు గోడ మీదున్న దుప్పి తలను చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"ఆ దుప్పి నీకు చుట్టమా కర్టిస్?"

"అత్తయ్యా... వివరంగా చెప్పాలంటే..."

"వివరం అక్కర్లేదు. ఇవి ఏం టైర్లు?"

కర్టిస్ డెన్నిస్ వైపు చూశాడు. డెన్నిస్ నేల వైపు చూశాడు.

"మామూలువే" అన్నాడు కర్టిస్.

షెడ్డులో రేడియో ఏదో పాత పాట పాడుతోంది. డెన్నిస్ వెళ్ళి దాన్ని కట్టేశాడు. కట్టేశాక తన పని మరీ తక్కువైపోయినట్టు అక్కడే నిలబడ్డాడు.

చలికాలానికి ఒక జత, వేసవికి ఒక జత, టైర్లు మార్చుకోవడం ఆ ఊళ్ళో అందరికీ మామూలే. నవంబరులో ఎల్మా కారుకు మంచు టైర్లు వేసి, వేసవివి తన గ్యారేజీలో దాచేది అల్లుడే. ఆ సేవ గురించి అతను థాంక్స్‌గివింగ్ భోజనాల దగ్గర ఏటా ఒకసారి గుర్తు చేస్తాడు కూడా.

"మే నెలలో ఏమన్నావు నాతో?" అంది ఎల్మా. "నువ్వు మర్చిపోతే నేను చెబుతా. నాకు జ్ఞాపకం పోయిందని ఊరంతా చాటుతున్నావుగా, పరీక్ష పెట్టుకో. మా ఇంటి మెట్ల మీద నిలబడి, 'పాతవి అరిగిపోయాయి అత్తయ్యా, అదే రకం కొత్తవి వేయించుకొచ్చాను' అన్నావు. అదే రకం. నేను సంతోషించి నీకు యాలకుల రొట్టె చేసి పంపాను."

"రొట్టె చాలా బాగుంది" అన్నాడు కర్టిస్.

"నోరు ముయ్."

"అది కాదత్తయ్యా, ఈ రన్‌ఫ్లాట్లు ఒట్టి మోసమని ఇంటర్నెట్‌లో అందరూ..."

"మోసం గురించి నువ్వు చెప్పాలి మరి!"

"మీ నడుం నొప్పి చూసే చేశాను. నిజంగా. జూన్‌లో మీరే అన్నారు, ఈ ఏడు రోడ్లు భలే వేశారు, బండి పడవలా పోతోంది అని. రోడ్లు ఎవరు వేశారు? ఎవరూ వేయలేదు. నా టైర్లవి!" కర్టిస్ గొంతులో కాస్త గర్వం కూడా పలికింది, ఇంత జరిగాక కూడా.

ఎల్మా అతన్ని చూసింది. క్లాసులో ఎవడైనా బోర్డు మీద తప్పు జవాబు రాసి, వెనక్కి తిరిగి నవ్వితే చూసే చూపు అది. "సరే. లెక్క చేద్దాం. నీ వాదనంతా ఒక్క కాలు మీద నిలబడింది. రన్‌ఫ్లాట్ అంత త్వరగా చిరగదు, కాబట్టి ముసల్ది ఎప్పటి నుంచో దీపం చూసుకోలేదు. అంతేనా? ఇప్పుడు రన్‌ఫ్లాట్ లేదు. డెన్నిస్! గాలి పోయిన మామూలు టైరు ఫీనిక్స్ నుంచి మోహాక్ దాకా నిలుస్తుందా?"

"నిలవదు టీచర్. ఆ దూరానికే చీలికలైపోతుంది."

"వినపడిందా? లేక నేనూ నీలాగా అరవనా?" ఆమె గొంతు పెరగలేదు. క్లాసులో కూడా గొంతు పెంచాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు. "నాకు దీపం కనిపించింది. నాకు వణుకు తెలిసింది. వాసన తెలిసింది. మామూలు టైర్లని తెలిస్తే అక్కడే ఆపి, హెల్మీని దింపి, బెర్రీలు తింటూ ఎవరైనా వచ్చేదాకా కూర్చునేదాన్ని. నడిపాను ఎందుకు? ఆగక్కర్లేదని నమ్మాను కాబట్టి. నమ్మించింది నువ్వు. అదంతా తెలిసి, నా ఎదురుగా కూర్చుని, తల పక్కకు వంచి, వయసు అత్తయ్యా అన్నావు!"



"నీకు ఎప్పుడు తెలిసింది?" అని ఆమె డెన్నిస్ వైపు తిరిగింది.

"పొద్దున చక్రాలు ఊడదీసినప్పుడు..." డెన్నిస్ టోపీని రెండు చేతులతో నలిపేస్తున్నాడు. "అడుగుదామనే అనుకున్నా. కర్టిస్ ఫోను చేసి వద్దన్నాడు. మీకు అయోమయంగా ఉంటుందన్నాడు."

"అప్పుడు పక్కవాడి కాగితం చూసి రాశావు. ఇప్పుడు పక్కవాడి మాట విని నోరు కుట్టుకున్నావు. ఇన్నేళ్ళలో నీలో ఎదిగింది పొట్ట ఒక్కటే."

ఆమెకు కోపం కంటే ఎక్కువగా సిగ్గేసింది, అదీ తన మీదే. ఈ మనుషుల మాట విని తన చేతులను, తన కళ్ళను తనే అనుమానించింది. రాత్రిళ్ళు మంచం మీద కూర్చుని పాత విద్యార్థుల పేర్లు వరసగా చెప్పుకుంటూ, ఎక్కడైనా తడబడుతున్నానా అని తనను తాను పరీక్షించుకుంది. ఎవరి కోసం? ఈ దుప్పిని చూసేవాడి కోసం.

అప్పుడు కర్టిస్ తలెత్తాడు. మొహం ఎర్రబడింది. "అన్నీ నేనే చేశాను, ఒప్పుకుంటా. కానీ ఒక్కమాట అడుగుతా అత్తయ్యా. మీకు ఎవరైనా ఏమైనా చెప్పగలరా? టైర్లు మారుద్దామని నేను ముందే అంటే ఏమనేవారు? జ్యామెట్రీ తప్పినవాడు టైర్ల గురించి చెప్పేంతవాడయ్యాడా అనేవారు. అనేవారా కాదా? మీతో చెప్పి ఒప్పించడం కంటే చెప్పకుండా చేసేయడం తేలిక. ఊళ్ళో అందరూ మీ దగ్గర అదే చేస్తారు. వీణ్ణి అడగండి."

డెన్నిస్ తన బూట్ల వైపు ఇంకాస్త శ్రద్ధగా చూసుకున్నాడు. కాదని మాత్రం అనలేదు.

ఆ మాట ఎల్మాకు ఎక్కడో తగిలింది. తగిలిందని ఇలాంటివాళ్ళకు కనిపించనివ్వడం ఆమె అలవాటు కాదు. కౌంటరు వెనక మేకుకు తన కారు తాళాలు వేలాడుతున్నాయి. వెళ్ళి, తీసి, గుప్పిట్లో పట్టుకుంది. ఎవరూ అడ్డు చెప్పలేదు.

"డెన్నిస్, మామూలు టైర్లు వెయ్యి. మంచివి. స్టెప్నీ పెట్టు, జాకీ పెట్టు, స్పానరు పెట్టు. డిక్కీ నిండిపోతే నిండనీ."

కర్టిస్ నోరు తెరిచాడు. "అంటే... నేను వేయించినవే కదా?"

"నువ్వు వేయించిన రకమే. టైరు విషయంలో నువ్వు చెప్పింది నిజం, రన్‌ఫ్లాట్ నాకొద్దు. లోపల ఊపిరి పోయినా పైకి బాగున్నట్టు నడిచే సరుకు మా ఇంట్లో ఇప్పటికే ఒకటుంది, రెండోది ఎందుకు? గాలి పోతే పోయిందని అక్కడికక్కడే చెప్పే టైరు చాలు నాకు. నువ్వు చేసిన పని తప్పు కాదు కర్టిస్. నోరు మూసుకుని చేయడం తప్పు. దానికి మాత్రం నీకు సున్నాయే వేస్తాను."

డెన్నిస్ పనిలో పడ్డాడు. గాలి పంపు బుస్సుమంటుంటే, చక్రాలు ఒక్కొక్కటే కారు కిందికి చేరుతుంటే, ఎల్మా మళ్ళీ కిటికీ పక్క కూర్చుని ఆ కాచి మాడిన కాఫీయే ఒక కప్పు పోసుకుంది. చేదుగా, కమ్మగా అనిపించింది. చాలా రోజుల తర్వాత ఆమెకు ఆకలేసింది. ముందు హెల్మీ ఇంటికి పోవాలనుకుంది. తప్పు టైరుదని, నమ్మించినవాడిదని, నాది కాదని చెప్పాలి. చెప్పాక ఆమె కట్టుకట్టిన చెయ్యి పట్టుకుని కాసేపు ఊరికే కూర్చోవాలి.

మధ్యాహ్నానికి లోర్నా వచ్చింది. స్కూల్లో వంటగది చూసుకుంటుంది, భోజనం విరామంలో అందరికీ కజ్జికాయల్లా మడిచిన పేస్టీలు పట్టుకొచ్చింది. వేడి వేడి మాంసం, దుంపల వాసన గది నిండా పరుచుకుంది. తలుపు దగ్గరే నిలబడి తల్లి గుప్పిట్లో తాళాలు చూసింది, మూలన కూర్చున్న మొగుణ్ణి చూసింది. ఏమైందని అడగలేదు. సంచి బల్ల మీద పెట్టేసింది.

ఏమైందని అడగకపోవడమే ఎల్మాకు చాలింది.

"నీకూ తెలుసన్నమాట."

"తెలుసమ్మా. బండి కాలవలోంచి లాగిన రోజే కర్టిస్ చెప్పాడు. ఏడ్చాడు కూడా."

"ఏడిస్తే టైరు అతుక్కుంటుందా? నేను హెల్మీ మంచం పక్కన తల దించుకుని, నన్ను క్షమించవే అని అడిగినప్పుడు నువ్వు నా కోటు పట్టుకుని వెనకే నిలబడ్డావు. అప్పటికి తెలుసా?"

"తెలుసు."

"నోట్లో ఏం పెట్టుకున్నావు మరి? వీడంటే వీడు. నిన్ను నేను కన్నాను."

లోర్నా కళ్ళు నిండాయి. అయినా తల దించలేదు. ఆ మెడ తల్లిదే. "చెబుదామనే అనుకున్నా. మర్నాడు పొద్దున్నే బయల్దేరాను కూడా. ముందు హెల్మీ పిన్నికి చెప్పి, తర్వాత నీ దగ్గరికి రావాలని. నీ తప్పు లేదని పిన్నికి తెలిస్తే నువ్వు తేలికపడతావనుకున్నా. పిన్నే ఆపింది."

"హెల్మీనా? ఎందుకు?"

"అమ్మా, దీపం ఎక్కడ వెలిగింది?"

"మళ్ళీ అదే! ఫీనిక్స్ చర్చి ముందు."

"చర్చికి ముందు డెలావేర్ వస్తుంది కదా. అక్కడ రోడ్డు పనులు జరుగుతున్నాయి. జెండా పట్టుకుని ఒకతను బళ్ళను ఆపుతున్నాడు. గుర్తుందా?"

ఎల్మా జవాబు చెప్పడానికి నోరు తెరిచింది.

"అతను చెయ్యి ఊపుతుంటే నువ్వు ఆగలేదటమ్మా. పక్కకు గెంతాడట. దీపం అప్పటికే వెలుగుతోందట. ఎల్మా, ఎల్మా అని పిన్ని రెండు మూడుసార్లు పిలిచిందట. నీ చేతులు స్టీరింగు మీదే ఉన్నాయట, కళ్ళు తెరిచే ఉన్నాయట. కానీ నువ్వు పలకలేదట. చర్చి కనిపించాక ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, అరే, దీపం వెలిగింది చూడు అన్నావట." లోర్నా చేతి వెనకతో కళ్ళు తుడుచుకుంది. "టైరు సంగతి చెప్పకు, చెబితే టైరు మీదికి తోసేసి మళ్ళీ బండెక్కుతుంది అంది పిన్ని. ఇంకో సంగతి చెబితే చచ్చిపోతుంది అంది. ఆ మాట నీతో చెప్పే ధైర్యం తనకు లేదంది. నాకూ లేదు."

 కర్టిస్ లేచి నిలబడ్డాడు, అతనికి ఇది కొత్త సంగతే. ఈసారి అతని తల ఒక పక్కకు వంగలేదు.

ఎల్మా కళ్ళు మూసుకుంది. కాపర్ హార్బర్ గుర్తుంది. బకెట్ల మీద కప్పిన తెల్ల గుడ్డ గుర్తుంది. చెట్లు రెండు వైపులా వంగి రోడ్డును కప్పేసిన చోటు గుర్తుంది. తర్వాత తెల్లటి చర్చి గుర్తుంది. మధ్యలో డెలావేర్ ఉండాలి. ఆ రోడ్డు మీద పుట్టినప్పటి నుంచి తిరుగుతోంది, డెలావేర్ ఎక్కడికీ పోదు. ఎర్ర జెండా కోసం, జెండా పట్టుకున్న మనిషి కోసం వెతికింది. బోర్డు తుడిచేసినట్టుంది.

షెడ్డులోంచి డెన్నిస్ తల లోపలికి పెట్టాడు. అతనికేమీ వినపడలేదు. "బండి సిద్ధం టీచర్! పడవలా పోతుంది."

ఎల్మా లేచింది. కోటు గుండీలు కిందనుంచి పైదాకా పెట్టుకుంది. "పద లోర్నా. హెల్మీ ఇంటికి. దాని నోటితో వింటాను."

బయట ఎండ తెల్లగా ఉంది. ఎర్ర కారు కొత్త టైర్ల మీద నిలబడి ఉంది. ఎల్మా అలవాటుగా స్టీరింగు వైపు తలుపు దగ్గరికి నడిచి, పిడి మీద చెయ్యి వేసి ఆగింది. లోర్నా కూడా వచ్చి ఆమె వెనకే నిలబడింది, అవతలి పక్కకు వెళ్ళలేదు. తాళాలు ఇవ్వమని కూతురు అడగలేదు. ఇస్తానని తల్లి అనలేదు.